ఖైదీ నంబరు 4417, చిత్రిక మిషను

మా జిల్లా జైలుకు కొత్త చిత్రిక మిషను వచ్చేనాటికి నేను అక్కడ గుమాస్తాగా చేరి పద్నాలుగేళ్ళయింది. అందువల్ల జరిగినదంతా నా చేతిరాతలోనే ఉంది. ఎవరికైనా నమ్మకం కుదరకపోతే రిజిస్టర్లు తిరగేసుకోవచ్చు.

ముందుగా ఒక ఉత్తర్వు గురించి చెప్పాలి. ఆ ఏడు మాఘంలో ఒక రిమాండు ముద్దాయి వాచిన కన్నుతో మా గేటులోకి వచ్చాడు. అతను వచ్చేటప్పుడే కన్ను వాచి ఉందని ఎవరూ రాసుకోలేదు. మర్నాడు వాళ్ళ వకీలు, ఆ కన్ను మేమే వాయించామన్నాడు. విచారణ జరిగింది. అప్పటి సూపరింటెండెంట్‌ను మంచినీళ్ళు కూడా దొరకని చోటికి బదిలీ చేశారు. ఆయన స్థానంలో పరాంకుశం గారు వచ్చారు. వచ్చిన రోజునే గేటు మీద ఒక కాగితం అంటించారు.

"గాయములతో వచ్చు ఏ రాకనైనను వైద్య పరీక్ష జరిపి, గాయములు నమోదు చేసిన పిదప మాత్రమే గేటు దాటనివ్వవలెను."

"రాక ఏంటండీ?" అని హెడ్ వార్డరు గంగరాజు అడిగాడు.

"ఖైదీ అని రాస్తే రిమాండు వాళ్ళు జారిపోతారు. పురుషుడు అని రాస్తే స్త్రీల సంగతేమిటంటారు. రాక అన్నామనుకో, అందులోంచి ఎవరూ తప్పించుకోలేరు" అన్నారు పరాంకుశం గారు. ఆయన ఆ మాట కోసం ఒక రాత్రంతా ఆలోచించారట.

చైత్రంలో మిషను వచ్చింది. జైల్లో వడ్రం నేర్పే పథకం కింద పై ఆఫీసువాళ్ళు పంపారు. చేత్తో చిత్రిక పట్టి ఒక బెంచీ చెక్కను నున్నగా చెయ్యడానికి మా వాళ్ళకు పూటంతా పట్టేది. ఈ మిషనులో చెక్క ఒక వైపు పెడితే రెండో వైపు అద్దంలా బయటికొస్తుంది. మండల పాఠశాలకు నలభై బెంచీలు చేసివ్వమని ఉత్తర్వు కూడా వెంటే వచ్చింది. దాని కింద ఇంకో మాట ఉంది. ఈ యంత్రం మీద పదిమందికి పని నేర్పిన ఖైదీ పేరును రాబోయే గాంధీ జయంతి నాటి సత్ప్రవర్తన విడుదలకు పరిశీలిస్తారట.

ఆ మాట చదివిన క్షణంలో మా అందరికీ గుర్తొచ్చిన మనిషి నాగలింగాచారి. మూడు తరాల వడ్రం పని ఆయనది. ఇంటి దారి గురించి జరిగిన గొడవలో కొయ్య సుత్తితో ఒకతని భుజం విరగ్గొట్టి లోపలికొచ్చాడు. ఆ భుజం ఎప్పుడో అతుక్కుంది, ఆ మనిషి ఇప్పుడు సుబ్బరంగా సైకిలు తొక్కుతున్నాడు. ఆచారికి మాత్రం ఇంకా ఏడాదిన్నర శిక్ష మిగిలి ఉంది.

లారీ గేటు ముందు ఆగింది. పెట్టె ఒక పక్క బద్దలై ఉంది. లోపల ఏముందో చూసి చెప్పడానికి ఆచారిని గేటు దాకా తీసుకొచ్చారు. ఆయన చువ్వల్లోంచి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కాలు ఇరిగిందండి" అన్నాడు చివరికి. "చెయ్యి కూడా వంగింది. మొహం మీద గీరుకుంది. పేణానికైతే భయం లేదండి."

వడ్రంగులు వస్తువుల గురించి అలాగే మాట్లాడతారు. మిషనుకు నాలుగు ఇనప కాళ్ళుంటాయి. అందులో ఎడమ వైపుది పగిలింది. చేత్తో తిప్పే చక్రం వంగింది. అంతకు మించి ఆయన చెప్పినదాంట్లో ఏమీ లేదు. కానీ పరాంకుశం గారు పక్కనే నిలబడి విన్నారు. ఆయన కళ్ళు గేటు మీది కాగితం వైపు వెళ్ళాయి.

"కాలు విరిగిందా?"

"ఆయ్, ఇరిగిందండి."

"విరిగితే అది గాయమే కదా?"

"గాయమేనండి మరి."

"ఇది రాకే కదా?"

దీనికి లారీ డ్రైవరు ఆదెయ్య అందుకున్నాడు. "రాకేనండి బాబూ, మూడ్రోజుల్నించి వస్తానే ఉన్నాను. కాయితం మీద సంతకం పడేస్తే ఎల్లిపోతాను."

ఆ కాగితం మీద 'సరుకు మంచి స్థితిలో ముట్టినది' అని అచ్చయి ఉంది. పరాంకుశం గారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చదివి వెనక్కిచ్చేశారు.

"వైద్యాధికారిణి గారిని పిలవండి."

డాక్టర్ సువర్చల గారు మా జైలు ఆసుపత్రికి వారానికి మూడు రోజులు వస్తారు. మిగతా మూడు రోజులు పక్క ఊరి ఆరోగ్య కేంద్రంలో పని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటారు. ఆవిడ లారీ ఎక్కి మిషనును చూసి కిందికి దిగారు.

"సార్, నేను ఎంబీబీఎస్ చదివాను."

"అందుకేనమ్మా మిమ్మల్ని పిలిచింది" అన్నారు సూపరింటెండెంట్. "గతంలో ఏం జరిగిందో మీకు తెలుసు. గాయాన్ని గేటు బయట నమోదు చెయ్యకపోతే అది గేటు లోపల తగిలినట్టే లెక్క. రేపు పై అధికారులు వచ్చి, ప్రభుత్వ యంత్రం కాలు ఎవరు విరగ్గొట్టారని అడిగితే, నా దగ్గర మీ పత్రం తప్ప ఇంకేం ఉంటుంది?"

ఆ మాటలో న్యాయం ఉందని డాక్టరు గారికీ అనిపించింది. పైగా ఆదెయ్య పొద్దుట్నించీ ఏమీ తినలేదు. ఆవిడ పత్రం తీసుకున్నారు. నేను పక్కన నిలబడి ప్రశ్నలు చదివాను, ఆవిడ జవాబులు చెప్పారు.

పేరు? చిత్రిక మిషను. తండ్రి పేరు? తెలియదు. బరువు? పెట్టె మీద ఉంది చూడండి, నాలుగు వందల పన్నెండు కిలోలు. స్పృహ? లేదు. నాడి? అందలేదు. గాయాలు? ఎడమ ముందుకాలు విరుగుట, కుడి చెయ్యి వంగుట. స్రావం? పొట్ట కింది నుంచి నూనె కారుతున్నది. పుట్టుమచ్చలు? తయారీ సంఖ్య చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి.

ఆఖరున రెండే గళ్ళున్నాయి. సాధారణ బారక్‌లో ఉంచవచ్చు. జైలు ఆసుపత్రిలో చేర్చవలెను. మూడో గడి లేదు.

"వడ్రం షెడ్డు లేదా ఇందులో?" అన్నారు డాక్టరు గారు.

"లేదండి."

"బారక్‌లో పెడితే ఏమవుతుంది?"

"సాయంత్రం మిగతావాళ్ళతో కలిపి తాళం వెయ్యాలండి."

ఆవిడ ఆసుపత్రి గడిలో గీత పెట్టారు. ఆసుపత్రి హాలు ఎలాగూ ఖాళీగానే ఉంది, వానకు తడవదు అని ఆవిడ ఉద్దేశం. ఆదెయ్యకు, ముద్దాయిలను తెచ్చే పోలీసులకిచ్చే రసీదే ఇచ్చాం. 'సదరు వ్యక్తిని గాయములతో స్వాధీనపరచుకొనడమైనది.' అతను అది రెండుసార్లు చదువుకుని లారీ ఎక్కేశాడు.

ఆసుపత్రిలో చేరాలంటే ముందు ప్రవేశ రిజిస్టరులో నంబరుండాలి. 4417 అని వేశాను. నంబరున్న వాళ్ళందరూ పొద్దునా సాయంత్రమూ లెక్కలోకి రావాలి. ఆ రోజు దాకా మా జైల్లో రెండు వందల పదముగ్గురు. ఆ సాయంత్రం రెండు వందల పద్నాలుగు.

మూడో రోజు సాయంత్రం లెక్క తేలలేదు. కొత్త వార్డరు ఒకడు మనుషుల్నే లెక్కపెట్టాడు. ఒకటి తక్కువైంది. గంట మోగింది. బయటి గోడ చుట్టూ తుపాకులతో పరుగులు పెట్టారు. రెండు వందల పదముగ్గురినీ ఇసుకలో గొంతుకూర్చోబెట్టారు. అరగంట తర్వాత గంగరాజుకు తట్టింది. ఆసుపత్రికి పరుగెత్తి మిషను మీద చెయ్యి వేసి, "ఉందండీ! ఇక్కడే ఉందండీ!" అని అరిచాడు. ఆ రోజు నుంచి మిషను దగ్గరికెళ్ళి దాన్ని ముట్టుకుని మరీ లెక్కపెట్టడం ఆనవాయితీ అయింది.

నేను సూపరింటెండెంట్ గారితో మెల్లగా అన్నాను. "సార్, షెడ్డు అక్కడికి ఇరవై గజాలు. నలుగురు పడితే అవతల పెట్టేయొచ్చు. ఆచారి బాగుచేసుకుంటాడు."

ఆయన కళ్ళజోడు తీశారు.

"శేషాద్రి గారూ, కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్న రోగిని వడ్రం షెడ్డులో పనికి పంపాలని మీరు రాతపూర్వకంగా ప్రతిపాదిస్తారా?"

నేను రాతపూర్వకంగా ఏదీ ప్రతిపాదించే మనిషిని కాను.

వైశాఖం వెళ్ళిపోయింది. ఆచారి రోజూ ఆసుపత్రి కిటికీ దగ్గర ఆగి మిషనును చూసి వెళ్ళేవాడు. గాంధీ జయంతికి నాలుగు నెలలే ఉంది. పదిమందికి నేర్పాలంటే రెండు నెలలైనా కావాలి. నేర్పడానికి మిషను కావాలి. అది మంచం పట్టి ఉంది.

జ్యేష్ఠంలో కంపెనీ నుంచి మెకానిక్ వచ్చాడు. జాకీర్ అనే కుర్రవాడు, భుజాన సామాను సంచీ. గేటు దగ్గర గంగరాజు ఆపాడు.

"ఎవర్ని చూడాలి?"

"ప్లేనింగ్ మిషను."

"నంబరు నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. ములాఖత్ ఫారం నింపాలి. నీకేమవుద్ది?"

జాకీర్ సంచీ కిందికి దించాడు. "కంపెనీ అండీ. మేమే తయారు చేశాం."

గంగరాజు బంధుత్వం దగ్గర 'పుట్టింటివారు' అని రాశాడు.

ములాఖత్ అంటే వలకు అటు ఖైదీ, ఇటు వచ్చినవాళ్ళు. ఇరవై నిమిషాలు. వలలోంచి చిటికెన వేలు కూడా దూరదు. మిషనును ఆరుగురు ఇనప గొట్టాల మీద దొర్లించుకుంటూ తెచ్చి వల ముందు నిలబెట్టారు. పక్క కిటికీ దగ్గరే ఆచారి ఉన్నాడు, ఎదురుగా ఆయన కూతురు అంబిక.

అంబిక గురించి చెప్పాలి. తండ్రి లోపలికొచ్చాక వాళ్ళింటి పనిశాల మూతపడుతుందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల ఉలి పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. చేతులు మా గంగరాజు చేతులకన్నా గట్టివి. పదిహేను రోజులకోసారి వస్తుంది. నేను ములాఖత్ పర్యవేక్షణకు కూర్చుంటాను కాబట్టి వాళ్ళ మాటలు నాకు వినపడతాయి. మిగతావాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటుంటే వీళ్ళు తలుపుల గురించి మాట్లాడుకునేవారు.

"ద్వారబంధం మూల నిలబట్టంలేదు నాన్నా. రెండుసార్లు ఇప్పాను."

"చెక్క ఏంటి?"

"ఏప."

"పచ్చిదెట్టుంటావు. నెల్రోజులు నీడలో పడేసి అప్పుడు ఎయ్యి."

ఆ రోజు వాళ్ళిద్దరూ మాటలాపి పక్క కిటికీ వైపు చూస్తుండిపోయారు. జాకీర్ వలకు చెంప ఆనించి మిషనును చూస్తున్నాడు.

"సార్, ఒక్కసారి తాకనివ్వండి. బోల్టు బిగిసిందో లేదో చూడాలి."

"ములాఖత్‌లో తాకుడు లేదు" అన్నాడు గంగరాజు.

"పోనీ ఆన్ చెయ్యండి. శబ్దం వింటాను."

"ఇక్కడ ప్లగ్గు లేదు. ఏదైనా అడగాలంటే అడుగు. ఇంకా పదకొండు నిమిషాలుంది."

జాకీర్ అడగడానికేమీ లేక ఆ పదకొండు నిమిషాలూ మిషను ముందు నిలబడ్డాడు. వెళ్ళేముందు కాగితం మీద, 'దెబ్బ రవాణాలో తగిలినది, కంపెనీకి సంబంధం లేదు' అని రాసిచ్చాడు.

అంబిక నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని తండ్రితో అంది. "కాలు పగిలిందే కదా నాన్నా. తుమ్మ మొద్దు ఒకటి చెక్కి కింద పెట్టి రెండు వైపులా బోల్టులేస్తే నిలబడదా?"

ఆచారి మిషను వైపు చూశాడు. "నిలబడుద్దే" అన్నాడు. "నిలబడుద్ది. నన్ను ముట్టుకోనివ్వాలిగా."

ఆ సాయంత్రం నేను ఈ సంగతి డాక్టరు గారి చెవిన వేశాను. ఆవిడ కలం మూత తీశారు.

"రోగిని ముట్టుకునే అధికారం ఎవరికుంది?"

"మీకండి. మీ ఆసుపత్రి సహాయకులకు."

"సహాయకుణ్ణి ఖైదీల్లోంచి తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చండి. మీరు రాస్తే చాలు."

మర్నాడు నాగలింగాచారి ఆసుపత్రి సహాయకుడయ్యాడు. తెల్ల టోపీ ఇచ్చారు. రోగి 4417కు కట్టు కట్టవలెనని డాక్టరు గారు చీటీ రాశారు. కట్టుకు కావలసిన వస్తువుల కింద తుమ్మ మొద్దు ఒకటి, అరడుగు బోల్టులు ఆరు, గ్రీజు డబ్బా ఒకటి. నాలుగు రోజులు ఆచారి ఆసుపత్రి నేల మీద పడుకుని పనిచేశాడు. వంగిన చక్రాన్ని దుంగ మీద పెట్టి కొట్టి సాపు చేశాడు. అయిదో రోజు మీట నొక్కాడు. మిషను ఒకసారి దగ్గి, ఆ తర్వాత తేనెటీగల గుంపులా మోగింది. ఆచారి ఒక మామిడి చెక్కను లోపలికి పంపాడు. అవతలి వైపు నుంచి వచ్చిన చెక్క మీద అరచెయ్యి పెట్టి నిమిరి, గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయన మొహాన నవ్వు చూడటం నాకదే మొదటిసారి.

"ఇప్పుడు షెడ్డుకు మారుద్దామా సార్?" అన్నాను.

"నడుస్తున్నాడా?" అన్నారు పరాంకుశం గారు.

"ఎవరండీ?"

"రోగి. స్వయంగా నడవగలిగితేనే డిశ్చార్జి. అది ఆసుపత్రి నియమం."

మిషను నడవదు కాబట్టి నేర్చుకునేవాళ్ళే ఆసుపత్రికి రావాలి. రోగులు కానివాళ్ళకు ఆసుపత్రిలో ప్రవేశం లేదు. డాక్టరు గారు ఒకే పూటలో పదిమందిని పరీక్షించారు. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి కళ్ళు తిరగడం, ఒకడికి అరికాళ్ళ మంట, తక్కినవాళ్ళకు నీరసం. పదిమందీ చేరారు. పొద్దున తొమ్మిదింటికి హాలంతా చెక్కపొట్టు ఎగిరేది. నీరసం ఉన్నవాళ్ళు దుంగలు మోసేవారు. నడుం నొప్పి అతను వంగి కొలతలు గీసేవాడు. ఆచారి తెల్ల టోపీతో అందరి వెనకా తిరుగుతూ, "ఏలు దగ్గరెట్టకురా, ఏలు నీదే, మిషనుకు తెలీదు" అని అరిచేవాడు.

శ్రావణంలో పై నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. హాలు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడూ, ఆ చెమటలూ, గోడవారన పేర్చిన బెంచీలూ చూశారు.

"వీళ్ళందరూ రోగులా?"

"అవును సార్. కేస్ షీట్లున్నాయి" అన్నారు పరాంకుశం గారు.

అధికారి గారి కళ్ళు చెమర్చాయి. "నేను ఇరవై ఆరు జైళ్ళు చూశాను. ఏ ఆసుపత్రిలోనూ రోగులు ఇంత ఉల్లాసంగా లేరు. దీన్నే శ్రమ ద్వారా స్వస్థత అంటారు. దీన్ని రాష్ట్రమంతటా అమలు చెయ్యవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది!"

ఆయన వెళ్ళిపోయాక మిగతా జైళ్ళ నుంచి, మీ రోగులకు ఏ మందు ఇస్తున్నారని ఉత్తరాలు రావడం మొదలైంది.

భాద్రపదంలో గాంధీ జయంతి జాబితా పంపమని తాఖీదు వచ్చింది. ఆచారి పేరే మొదట రాసి తీసుకెళ్ళాను. పరాంకుశం గారు దాన్ని కొట్టేశారు.

"ఏం సార్? పదిమందికి నేర్పాడు కదా?"

"ఎక్కడ నేర్పాడు? ఉత్తర్వులో 'వడ్రం షెడ్డునందు' అని ఉంది. ఈయన షెడ్డుకు వెళ్ళి ఎన్నాళ్ళయింది? అక్కడి హాజరులో మూడు నెలలుగా గైర్హాజరు. ఎవరికి నేర్పాడు? రోగులకు. రోగుల చేత దుంగలు మోయించామని మనమే రాసి పంపుదామా?"

నేను నా గదికి తిరిగొచ్చాను. రెండు వందల పద్నాలుగు పేర్లూ ముందేసుకుని నిబంధనల ప్రకారం వడకట్టాను. ఎవరితోనూ తగాదా పడి ఉండకూడదు. ఒక్క రోజు కూడా పని ఎగ్గొట్టి ఉండకూడదు. సిబ్బందికి ఎదురు చెప్పి ఉండకూడదు. నిషిద్ధ వస్తువు దొరికి ఉండకూడదు. సాయంత్రానికి ఒకే ఒక్క పేరు మిగిలింది. కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

"నాలుగు వేల నాలుగు వందల పదిహేడు" అని చదివారాయన. "నాలుగు నిబంధనలూ పాటించాడు. పంపండి."

"సార్, అది మిషను."

"ఆ సంగతి ఏ రికార్డులో ఉంది?"

ఏ రికార్డులోనూ లేదు. స్టాకు రిజిస్టరులో అది ఎప్పుడూ ఎక్కలేదు, ప్రవేశ రిజిస్టరులోనే ఎక్కింది. అందులో మనిషా, మిషనా అని అడిగే గడి లేదు.

"అర్హత ఉన్న వ్యక్తి పేరు పంపకుండా ఆపితే దాన్ని ఏమంటారో తెలుసా? పక్షపాతం అంటారు" అన్నారు పరాంకుశం గారు.

విడుదల ఉత్తర్వు నాలుగు రోజుల ముందే వచ్చింది. చిత్రిక అన్నది ఇంటిపేరని పై ఆఫీసువాళ్ళు అనుకున్నారు. 'శ్రీ చిత్రిక మిషను, శిక్షాకాలమంతటా కనబరచిన ప్రశంసనీయమైన నడవడికి గాను' అని మొదలై, ఇకపై గౌరవప్రదమైన జీవితం గడపగలరని ఆశిస్తూ ముగిసింది.

ఆచారికి ఈ కబురు నేనే చెప్పాలి. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రంపం పళ్ళు అరగదీస్తున్నాడు. విన్నాడు. చెయ్యి ఆపలేదు.

"దాని మీద నాకేం కడుపుమంట లేదండి" అన్నాడు. "పని చేసింది. నేనూ చేశాను. నేనేవన్నా తప్పు చేశానేమోనని ఆలోచిస్తన్నానంతే."

"నువ్వేం తప్పు చెయ్యలేదు ఆచారీ."

"మరి నా పేరెందుకు రాలేదండి?"

పద్నాలుగేళ్ళలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలడిగారు. దీనికి మాత్రం నా దగ్గర ఏ ఫైలూ లేదు. నేరుగా డాక్టరు గారి గదికి వెళ్ళి ఉత్తర్వు ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చదివి తల బల్ల మీద ఆనించారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. తల ఎత్తి, "ఆచారి కూతురు ములాఖత్‌కు ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"గాంధీ జయంతి నాడేనండి."

"ఆ పిల్లను ఎడ్లబండో ట్రాక్టరో ఏదో ఒకటి తెచ్చుకోమనండి" అన్నారు.

అక్టోబరు రెండున పొద్దున తొమ్మిదింటికి మిషనును గేటు దగ్గరికి దొర్లించారు. మెళ్ళో బంతిపూల దండ వేశారు. పరాంకుశం గారు దాన్ని ఉద్దేశించి నాలుగు మాటలు చెప్పారు. గతాన్ని మరిచిపోవాలన్నారు. సమాజం అక్కున చేర్చుకుంటుందన్నారు. విడుదలైన వాళ్ళను ఒక్క క్షణం ఎక్కువ ఉంచినా అక్రమ నిర్బంధం అవుతుంది కనుక గంగరాజు గేటు బార్లా తెరిచాడు. అప్పుడు డాక్టరు గారు ఒక కాగితం ముందుకు చాపారు.

"సార్, ఈ రోగి ఇంకా పూర్తిగా కోలుకోలేదు. స్వయంగా నడవలేడు. సహాయకుడు లేకుండా బయటికి పంపితే ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?"

బాధ్యత అన్న మాట వినగానే పరాంకుశం గారి మొహం పాలిపోయింది.

"సహాయకుడు ఎవరమ్మా?"

"నాగలింగాచారి. రోగి పరిచర్య నిమిత్తం పెరోల్ ఇవ్వవచ్చని మీ నియమావళిలోనే ఉంది. రోగి ఎవరై ఉండాలో అందులో లేదు. ప్రతి నెలా నేనే వెళ్ళి పరీక్షిస్తాను. కోలుకున్నాడని రాసిన రోజున ఆచారి వెనక్కి వచ్చేస్తాడు. పెరోల్ రోజులు శిక్షలో కలుస్తాయి కూడా."

గేటు తెరిచి అప్పటికి ఏడు నిమిషాలైంది. లోపల విడుదలైన వ్యక్తి ఉన్నాడు. సూపరింటెండెంట్ గారు వాచీ చూసుకున్నారు, గేటు మీది తన ఉత్తర్వు చూసుకున్నారు, సంతకం పెట్టేశారు.

బయట ట్రాక్టరుతో నిలబడ్డ అంబికకు ఏమీ తెలియదు. ముందు దండతో మిషను వచ్చింది. దాని వెనకాల తెల్ల టోపీతో తండ్రి వచ్చాడు. ఆ పిల్ల ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అప్పగింత పుచ్చుకునేవాళ్ళు సంతకం పెట్టాలమ్మా" అన్నాను రిజిస్టరు చాపి. "విడుదలైన వ్యక్తికి మీరేమవుతారు?"

ఆమె మిషను వైపు చూసి, "ఆసామీని అవుతానండి. మా ఇంట్లోనే పనికుంటాడు" అంది.

ట్రాక్టరు కదిలింది. రోడ్డు మలుపులో ఆచారి దండ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకోవడం కనిపించింది.

అప్పటికి ఇరవై ఆరు బెంచీలే అయ్యాయి. మిగతా పద్నాలుగూ తండ్రీ కూతుళ్ళు ఇంటి దగ్గరే చేసి పాఠశాలకు పంపారు. డాక్టరు గారు ప్రతి నెలా వెళ్ళేవారు. పనిశాలలో కుర్చీ వేసుకుని, మజ్జిగ తాగి, మిషనును చుట్టూ తిరిగి చూసి, 'నడవలేకపోవుచున్నాడు' అని రాసుకొచ్చేవారు. పన్నెండు నెలలూ ఆవిడ ఒక్క అబద్ధం కూడా రాయలేదు.

ఆ మరుసటి ఏడు అక్టోబరులో ఆచారి శిక్షాకాలం పూర్తయింది. విడుదల కావాలంటే మనిషి జైల్లో ఉండాలి కాబట్టి కబురు పెట్టాం. పొద్దున పది గంటలకు బస్సు దిగి వచ్చాడు. కొత్త పంచె, జేబులో మడత కొలబద్ద. ముందు లోపలికి తీసుకున్నట్టు రాశాను, తర్వాత బయటికి పంపుతున్నట్టు రాయడం మొదలుపెట్టాను.

ఆచారి సూపరింటెండెంట్ గారికి నమస్కారం పెట్టాడు. "అయ్యా, మిషను సర్కారుది. నా దగ్గరుండటం నాకు మనసొప్పటంలేదు. ట్రాక్టరు మాటాడుకున్నాను. తెచ్చి అప్పజెప్పెయ్యమంటారా?"

పరాంకుశం గారు ఆ మాటను సీరియస్‌గా తీసుకుని నియమావళి తెప్పించుకుని చూశారు. చాలా పేజీలు తిప్పారు.

"వీలు లేదు ఆచారీ" అన్నారు చివరికి విచారంగా. "ఒకసారి విడుదలైన వాణ్ణి మళ్ళీ లోపలికి తీసుకోవాలంటే అతను కొత్తగా ఏదైనా నేరం చెయ్యాలి. చేశాడా?"

"లేదండి" అన్నాడు ఆచారి నిజాయితీగా. "బుద్ధిగా ఉంటన్నాడండి."

"అయితే మేం చెయ్యగలిగిందేమీ లేదు."

ఆచారి సంతకం పెట్టాడు. గోడ గడియారం వైపు రెండుసార్లు చూశాడు. పదకొండు గంటల బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమేనట. నేను ఫారంలో చివరి గడి దగ్గరికి వచ్చాను. విడుదలైన తరువాత ఎక్కడికి వెళ్ళుచున్నాడు? సాధారణంగా అందరూ అక్కడ ఊరి పేరు చెప్తారు.

"ఎక్కడికి ఆచారీ?"

"పనికండి" అన్నాడాయన, అప్పటికే గుమ్మం దాటుతూ.

అలాగే రాశాను.